అర ఎకరం అడవి కాకర

పద్నాలుగేళ్లుగా కళావతి మామ ఓబుళప్ప పొలంలో పని చేస్తూనే ఉంది గాని, ఏం విత్తాలో ఒక్కసారీ నోరు తెరిచి చెప్పలేదు. విత్తనం మాట మామది. కలుపు మాట అత్తది. మొగుడు వెంకటేష్ ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి పోయి వచ్చే మనిషి కాబట్టి, పొలం విషయంలో అతనికి మిగిలింది వానను తిట్టడం ఒక్కటే. అలాంటిది మొన్న శివరాత్రి పోయాక, బోరు పక్కన అర ఎకరం ఊరికే పడి ఉండగా, ఆ ముక్క తనకు ఇమ్మని కళావతి అడిగింది. అందులో అడవి కాకర వేస్తానంది.

ఓబుళప్ప నవ్వలేదు. నవ్వి ఉంటే ఆమెకే కాస్త తేలిగ్గా ఉండేది.

"అడివిలో దానంతట అది కాసేదాన్ని మనమేసేదేంది?" అన్నాడు.

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. వినాయక చవితి దాటిందంటే పెనుకొండ కొండ మీద పొదపొదకూ అడవి కాకర తీగలు అల్లుకుంటాయి. ఎవరూ విత్తరు, ఎవరూ నీళ్లు కట్టరు. నిమ్మకాయంత కాయ, ఒళ్లంతా మెత్తటి ముళ్లు, కాకర అన్న పేరే గాని చేదు లేదు. దీపావళి దాకా కాసి, తీగ ఎండి, మళ్లీ వానలదాకా మట్టిలో గడ్డగా పడుకుంటుంది. కొండ కింది ఆడవాళ్లు కోసుకొచ్చి హైవే పక్కన కుప్పలు పోసి అమ్ముతారు. హిందూపురం మార్కెట్లోనైతే కన్నడం వ్యాపారులు 'మడహాగల' అంటూ, మూట దించకముందే ఎగరేసుకు పోతారు.

కళావతికి ఈ ఆలోచన ఇంట్లోంచే పుట్టింది. అత్త బాలనాగమ్మకు నాలుగేళ్లుగా సుగరు. అన్నం తగ్గించి కూర ఎక్కువ తినమని, పీచున్నవి తినమని పెనుకొండ డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా, ఆమె కూరగాయలను పగవాళ్లను చూసినట్టు చూసేది. ఒక్క అడవి కాకర కాలంలో మాత్రం మనిషి మారిపోయేది. తానే పొయ్యి ముందు కూర్చునేది. తోలు గీకనిచ్చేది కాదు. రాళ్లుప్పుతో రుద్ది కడిగి, గింజలతోనే చక్రాల్లా కోసి, ఇనుప పెనం మీద సన్నటి మంటకు వేయించి, చివరన వేయించిన చెనక్కాయల పొడి, వెల్లుల్లి, ఎండుమిరప దంచి చల్లేది. గింజ పంటి కింద పటపటమనేది. గిన్నెడు కూరకు పిడికెడు సంగటి నంజుకున్నట్టు తినేది. ఆ రెండు నెలలూ అత్త ఒళ్లు తేలిగ్గా ఉండటం కళావతి కళ్లారా చూసింది. కొండ ఇంత ఇస్తుంటే, పొలం ఇంకెంత ఇవ్వాలి అని ఆమె లెక్క.

ఓబుళప్ప చివరికి ఒప్పుకున్నాడు. అయితే గడువు పెట్టాడు.

"దసరా దాకా ఆ ముక్క నీది. దసరాకు కాయ కనపడిందా సరి. లేదంటే పండగ మర్నాడు ట్రాక్టరు తోలిచ్చి మల్బరీ నాటిస్తా. మళ్ల నన్ను ఏమీ అడగగూడదు."

ఆ చివరి మాటే కళావతి గుండెలో దిగింది. ఈ ఒక్క పంట పోతే, జీవితాంతం ఆ పొలంలో ఆమెకు చేతులే గాని నోరుండదు.

ఎండాకాలంలో నాలుగు ఆదివారాలు మొగుడూ పెళ్లాలు కొండెక్కి, పాత పొదల గుర్తులు పట్టుకొని గడ్డలు తవ్వి తెచ్చారు. చిలగడదుంపల్లా ఉన్న ఆ గడ్డలను బోరు పక్కన వరసగా పాతి, నీలగిరి కట్టెలు నిలబెట్టి, తీగలు పాకడానికి ఇనుప కంబి కట్టారు. జూన్ వాన ఒకటి పడి మాయమైంది. శ్రావణంలో మళ్లీ పట్టుకుంది. అప్పుడు చూడాలి ఆ ముక్క. సాయంత్రం కట్టె మొదట్లో ఉన్న కొన, పొద్దున్నకు జానెడు పైకి పోయి ఉండేది. వానంటే ఇదీ అన్నట్టు తీగలన్నీ కంబి కోసం చేతులు చాచేవి. బాలనాగమ్మ కూడా చుట్టూ తిరిగి వచ్చి, ఏమీ అనకుండా పోయింది. ఏమీ అనలేదంటే మెచ్చుకున్నట్టే.

తప్పు జరిగింది పూత దగ్గర.

కళావతి పుట్టిల్లు పరిగి. వాళ్ల నాయన చెరువు కింద గుమ్మడి వేసేవాడు. గుమ్మడి సంగతి ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. తీగకు ముందు పోతుపూలు పూస్తాయి. వాటికి పిందె ఉండదు, పూసి రాలిపోతాయి. కొన్నాళ్లకు అదే తీగకు పిందె ఉన్న పూలు వస్తాయి. ఆ లెక్కతోనే ఆమె అడవి కాకర తీగలను కనిపెట్టి చూసింది. సగం తీగలు ముందే మొగ్గ తొడిగాయి, అన్నీ పోతుపూలే. పది దినాలు పోయాక మిగతా సగం తీగలకు పూలొచ్చాయి. ప్రతి పువ్వు కిందా పెసరగింజంత ముళ్ల పిందె. ముందు పూసిన తీగలు మాత్రం అట్లే పోతుపూలే పూస్తున్నాయి. ఇంకో వారం చూసింది. మార్పు లేదు.

ఇవి గొడ్డు తీగలు, నీళ్లు తాగి ఎరువు తిని ఊరికే పాకుతున్నాయి అనుకుంది. మిగతావాటికి పోతుపూలు వాటికవే పూస్తాయిలే, గుమ్మడి పూయడం లేదా అనుకుంది. ఒక పొద్దున కొంగు బిగించి, ఆ తీగలన్నీ గడ్డలతో సహా పీకి మేకలకు వేసింది. చూస్తున్న బాలనాగమ్మ, పరిగి పిల్లకు తోట పని తెలుసునని ఇరుగుపొరుగుకు కూడా చెప్పుకుంది. పద్నాలుగేళ్లలో అత్త నోట వచ్చిన మొదటి మెప్పు అది. కళావతి ఆ రోజంతా ఆ మాటను బుగ్గన పెట్టుకొని తిరిగింది.

తర్వాత పిందెలు చావడం మొదలైంది. సాయంత్రం విచ్చిన పువ్వు పొద్దున్నకు ముడుచుకునేది. రెండో దినానికి దాని కింది పిందె పసుపు తిరిగేది. మూడో దినం వేలు తగిలితే రాలేది. ఒకటి కాదు, రెండు కాదు, పూసిన ప్రతి పువ్వూ అంతే. కళావతి బూడిద చల్లింది. పుల్లమజ్జిగ కొట్టింది. పెనుకొండలో మందుల అంగడికి పోయి, పిందె రాలకుండా ఇదే మందని ఇచ్చిన సీసా తెచ్చి కొట్టింది. తీగలు ఇంకా పచ్చగా, ఇంకా బలంగా పాకాయి. పిందెలు మాత్రం రాలుతూనే ఉన్నాయి.

ఓబుళప్ప రోజూ పొద్దున ఆ గట్టు మీదుగా పోయేవాడు. రాలిన పిందెలు ఆయన కంట పడకూడదని కళావతి ఆయనకంటే ముందే వచ్చి ఏరి కొంగులో కట్టుకునేది. ఒకరోజు అన్నం తింటూ ఆయన, ఆమడగూరులో తన తమ్ముడు నాటడానికి మల్బరీ కడ్డీలు కొట్టి సిద్ధంగా పెట్టినాడని వెంకటేష్‌తో అన్నాడు. కళావతి వైపు చూడలేదు. దసరా ఇంకా ఇరవై దినాలుంది.

ఆ మధ్యాహ్నం ఆమె హైవే పక్కకు పోయింది. అక్కడ చింతచెట్టు నీడన చౌడక్క కూర్చుంటుంది. గొర్రెల మందతో కొండ మీదే పుట్టి పెరిగిన మనిషి. అరవై దాటినా రోజూ కొండెక్కి, ఏ కాలానిది ఆ కాలంలో దించుకొచ్చి అమ్ముతుంది. ఆ రోజు ఆమె ముందు అడవి కాకర కుప్ప, పక్కన కళ్లు విచ్చిన సీతాఫలాలు, తడిగుడ్డ కింద తుమ్మికూర ఉన్నాయి. కళావతి తన తోట కథంతా చెప్పి, కొంగు విప్పి చచ్చిన పిందెలు చూపించింది.

చౌడక్క ఒక పిందెను తిప్పి చూసింది.

"పూత కాలంలో ఏమన్నా పీకినావా తల్లీ?"

"గొడ్డు తీగలు పీకినా. పిందె లేనివి."

"ఎన్ని పీకినావు?"

"అన్నీ."

చౌడక్క తక్కెడ కింద పెట్టేసి నవ్వడం మొదలుపెట్టింది. కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. పక్కన చెనక్కాయలు ఉడకబెట్టి అమ్మే ఆడమనిషిని కూడా పిలిచి చెప్పింది.

"సూడు సూడు, ఓబుళప్ప కోడలు తోటలో మొగోడనేవాన్ని ఒక్కన్ని లేకుండా తరిమేసి, ఇంగ పిల్లలు పుట్టలేదని మందు కొడతాండాదంట."

కళావతి మొహం మాడిపోయింది. అది చూసి ముసలామె నవ్వు ఆపుకుంది.

"పోతుతాడి ఎరగవా? బొప్పాయిలో పోతుచెట్టు ఎరగవా? ఇదీ అట్లే తల్లీ. ఒక తీగ మొగది, ఒక తీగ ఆడది. మీ గుమ్మడి మాదిరి ఇద్దరూ ఒకే ఇంట్లో కాపరముండరు. నువ్వు గొడ్డుదని పీకింది మొగదాన్ని."

కళావతి అక్కడే, ఆ మట్టిలో కూలబడింది. తాటిచెట్లు చూసింది, బొప్పాయి చూసింది. చేతికి చుట్టుకునే ఇంత తీగలో కూడా అట్లాంటి ఏర్పాటు ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. తన తెలివే తనను ముంచింది. ఏమీ తెలియని మనిషి వేసి ఉంటే తీగలు వాటి మానాన కాసి ఉండేవి.

"ఇప్పుడెట్ల చౌడక్కా? మళ్ల నాటితే కాసేలోగా దసరా అయిపోతాది."

"కొండ మీద మొగతీగలకు కరువా? అంత దూరం పురుగులు పూల పుప్పొడి మోయలేవు. నువ్వు మోయి. రేపు పొద్దు గుంకే యాళకు రా, సూపిస్తా."

మర్నాడు సాయంత్రం ఇద్దరూ కొండ అంచున బండల మధ్య నిలబడ్డారు. పడమర ఎర్రబడింది. కింద ఫ్యాక్టరీ దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. దారి పొడవునా చౌడక్క చేయి ఊరికే ఉండలేదు. ఇక్కడ రెండు ఆకులు తుంచేది, అక్కడ సీతాఫలం కన్ను ఒత్తి చూసి ఇంకా మూడు దినాలని వదిలేసేది. వానలో ఆకు, వానలు పోయేటప్పుడు కాయ, చలికి ఉసిరి, ఎండకు గడ్డ, తన కడుపు ఎప్పుడూ ఆ వరసలోనే నిండిందని, అంగట్లో కూరగాయ కొన్న దినాలు వేళ్ల మీద లెక్క పెట్టొచ్చని చెప్పింది. కళావతి ఆ కొండను పెళ్లైనప్పటినుంచీ చూస్తోంది. అయినా ఆ సాయంత్రం ఎవరిదో నిండు వంటింట్లో చెప్పులతో నడుస్తున్నట్టు ఆమెకు అనిపించింది. పొదపొదలో ఏదో ఒకటి పండుతోంది. ఒకటి అయిపోతుండగా ఇంకొకటి అందుకుంటోంది. ఎవరూ వచ్చి తినకపోయినా ఆ వంట ఆగదు.

ఒక రేగుపొద ముందు చౌడక్క ఆగి, కూర్చోమని సైగ చేసింది. పొద మీద కాకర తీగ. మొగ్గలన్నీ ముడుచుకొని ఉన్నాయి. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత వెలుగు ఇంకాస్త తగ్గగానే ఒక మొగ్గ కొన వదులైంది. కళావతి కన్నార్పలేదు. మొగ్గ సన్నగా వణికింది, ఒక రేక విడివడింది, ఇంకొకటి, చూస్తుండగానే వెన్నరంగు పువ్వు అరచేయి తెరిచినట్టు విచ్చుకుంది. దాని పక్కది, దాని పైది, బండ వెనక తీగవి. కొండ అంచంతా పిలిచినట్టు పూలు విచ్చుతున్నాయి. ఒక మత్తు వాసన లేచింది. ఎక్కడినుంచో బూడిదరంగు రెక్కల పురుగులు వచ్చి పువ్వు మీద వాలకుండానే గాలిలో నిలబడి, మూతి లోపలికి పెట్టి, ఇంకో పువ్వుకు పోతున్నాయి. వంద రూపాయల మందు సీసా చేయలేని పనిని అవి చప్పుడు లేకుండా చేసుకుపోతున్నాయి. 

"ఇదో, పిందె లేదు, పువ్వు కింద దొప్ప మాదిరి ఆకుండాది సూడు. ఇది మొగది," అని చౌడక్క ఒక పువ్వు తుంచి, రేకలు వెనక్కి మడిచి, మధ్యనున్న పచ్చటి పొడిని పక్క తీగ మీది ఆడపువ్వు గుండెకు మెల్లగా తాకించి చూపింది. ఒక మొగపువ్వు నాలుగైదు ఆడపూలకు చాలునంది. గట్టిగా రుద్దొద్దంది.

ఆ రోజు నుంచి కళావతి సాయంత్రాలు మారిపోయాయి. పొద్దు వాలగానే కొండ అంచుకు పోవడం, విచ్చీ విచ్చని మొగపూలు స్టీలు డబ్బాలో తడిగుడ్డ పరిచి నింపడం, షిఫ్టు దిగిన వెంకటేష్ బైకు మీద తోటకు చేరడం. అతను ఫోను లైటు పట్టుకునేవాడు, ఆమె ఒక్కొక్క పువ్వునూ చేరదీసేది. పురుగు చేసే పని మనిషి చేయాలంటే ఎంత వంగాలో ఆమె నడుముకు తెలిసింది. మొదటి రోజు ఇరవై పూలకు మించి చేయలేకపోయింది.

మూడో పొద్దున మామకంటే ముందే తోటకు పోయింది. కొంగులో ఏరుకోవడానికి సిద్ధపడే వంగింది. మొదటి పిందె పచ్చగా ఉంది. రెండోదీ పచ్చగా ఉంది. ఇరవైలో మూడు పోయాయి, మిగిలినవన్నీ బఠాణీ గింజంత లావెక్కి, ముళ్లు విడదీసుకొని, కాడ మీద గట్టిగా కూర్చున్నాయి. ఆమె ఒకదాన్ని వేలితో తాకబోయి, భయపడి వెనక్కి తీసుకుంది. తాను చేసిందల్లా పుప్పొడి ఇంత తాకించడమే. మిగతాదంతా చీకట్లో, తాను నిద్రపోతుండగా, ఎవరో చేశారు. ఆ ఎవరో ఎవరని ఆలోచించే కొద్దీ ఆమెకు దండం పెట్టాలనిపించింది గాని, దేనికి పెట్టాలో తెలియలేదు. చివరికి అత్తను చేయి పట్టి తీసుకొచ్చి, జరిగింది చెప్పి చూపింది. బాలనాగమ్మ చాలాసేపు గొంతుక్కూర్చొని చూసి, మెల్లగా లేచి, మొగ తీగలను మెచ్చుకుంటూ పీకనిచ్చిన తన తప్పు మామకు తెలియనీయొద్దని కోడలి చెవిలో చెప్పింది.

దసరాకు వారం ఉందనగా ఒక సాయంత్రం, ఫోను లైటు వెలుగులోకి ఓబుళప్ప వచ్చి నిలబడ్డాడు. ఎంతసేపటినుంచి చూస్తున్నాడో తెలియదు. కళావతి చేతిలో పువ్వు అట్లే ఆగిపోయింది. దాచడానికి ఏమీ లేక, జరిగిందంతా చెప్పింది. గుమ్మడి లెక్క వేసింది, మొగ తీగలు పీకింది, కొండ నుంచి పూలు మోస్తున్నది, అన్నీ.

ఓబుళప్ప తిట్టలేదు. చేయి చాచాడు. ఆమె ఒక మొగపువ్వు ఆయన చేతిలో పెట్టింది. అరవై ఏళ్లు కాడి పట్టిన వేళ్లు, మొద్దుబారినవి. ఆయన ఆ పువ్వును ఆడపువ్వు దగ్గరికి తెచ్చాడు. వెంకటేష్ లైటు కాస్త దగ్గరికి జరిపాడు. మామ తాకించి, వెనక్కి తగ్గి, ఇంతేనా అన్నట్టు కోడలి మొహంలోకి చూశాడు. తర్వాత తలపాగా టవాలు అంచునుంచి ఒక పోగు లాగి, ఆ కాడకు వదులుగా గురుతు కట్టి వెళ్లిపోయాడు.

మూడో తెల్లారి కళావతి పోయేసరికి ఆయన అప్పటికే అక్కడున్నాడు. పోగు కట్టిన పిందె ముందు మోకాళ్ల మీద చేతులు వేసుకొని కూర్చొని ఉన్నాడు. పిందె లావెక్కింది.

"ఇంతకాలం విత్తినా, కోసినా," అన్నాడు ఆయన, ఆమె వచ్చిందని తెలిసి, తల తిప్పకుండానే. "నడుమ ఏం జరుగుతాదో ఎప్పుడూ సూడల్యా నేను."

 ఆయన మల్బరీ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఆమెకు భయం. ఓబుళప్ప ఒక మాట అన్నాడంటే వెనక్కి తీసుకునే మనిషి కాదని ఊరికంతా తెలుసు.

దసరానాటికి కోతకొచ్చినవి ఒక చిన్న బుట్టకు సరిపడా కాయలు. తీగల మీద పిందెలు కనపడుతున్నాయి గాని, అర ఎకరానికి దాన్ని పంట అని ఎవరూ అనరు. బాలనాగమ్మ ఆ బుట్టెడూ వేపుడు చేసింది. ట్రాక్టరుకూ కొడవళ్లకూ కుంకుమ పెట్టి వచ్చాక అందరూ తిన్నారు. అత్త పిడికెడు సంగటితో రెండుసార్లు కూర వేయించుకుంది. ఓబుళప్ప గింజలు నములుతూ, చప్పుడు వింటున్నట్టు తల వంచి తిన్నాడు.  

మర్నాడు పొద్దున్నే పొలం వైపు ట్రాక్టరు చప్పుడు వినపడింది. కళావతి చేతిలో పేడ తట్ట అట్లే పడేసి పరిగెత్తింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

ట్రాక్టరు తిరుగుతున్న మాట నిజమే. చెనక్కాయలు పీకేసిన పక్క చేలో తిరుగుతోంది. ఆమడగూరు నుంచి వచ్చిన మల్బరీ కడ్డీల కట్టలు ఆ చేను గట్టు మీదే దించి ఉన్నాయి. కాకర ముక్కకూ ఆ చేనుకూ మధ్యనున్న గట్టు మీద ఓబుళప్ప చేతికర్రతో నిలబడి ఉన్నాడు. ట్రాక్టరు మలుపు తిరిగి ఇటు వచ్చిన ప్రతిసారీ కర్ర ఎత్తి, తీగల వేర్లు గట్టు కిందిదాకా ఉంటాయని, ఇంకా అవతలికి తిప్పమని డ్రైవరు మీద కేకలు వేస్తున్నాడు.

కళావతి రొప్పుతూ గట్టు కింద నిలబడింది. ఆయన ఆమెను చూసి, గొంతు తగ్గించాడు.

"ఎండాకాలం గడ్డలు తవ్వేటప్పుడు ఏది మొగదో ఏది ఆడదో తెలియదు గదా. ఇప్పుడు పూత ఉండంగానే పోయి గురుతు కట్టి రావల్ల. చౌడక్కకు చెప్పిపెట్టు. నేనూ వస్తా."

"మోకాళ్ల నొప్పులు గదా మామా, కొండ ఎక్కలేవు."

"అంచుదాకా వస్తా. పువ్వు విచ్చుకునేది సూడల్ల."

ఆ సాయంత్రం నాలుగింటికే, ఎండ ఇంకా వాకిట్లో ఉండగానే, ఓబుళప్ప చెప్పులు తొడుక్కొని అరుగు మీద కూర్చున్నాడు.